చట్టానికి కనబడని వ్యాపారి

2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో సమావేశమైన 55వ జీఎస్టీ మండలి పాత కార్లన్నింటి మీదా ఒకే పన్ను, అంటే 18 శాతం, ఉండాలని నిర్ణయించింది. ఆ తర్వాత కొద్దిరోజులు దేశమంతటా ఒకటే రచ్చ. 12 లక్షలకు కొన్న కారును 9 లక్షలకు తెగనమ్ముకున్నవాడు ఆ 3 లక్షల నష్టానికి కూడా పన్ను కట్టాలా అని సామాజిక మాధ్యమాలు మండిపడ్డాయి. సొంత కారు అమ్ముకునే వ్యక్తికి ఈ పన్నుతో సంబంధం లేదనీ, జీఎస్టీ కింద నమోదైన వ్యాపారులే కట్టాలనీ, అదీ కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య మిగిలిన సొమ్ము మీదనేననీ వివరణ వచ్చింది. యజమానులు ఊపిరి పీల్చుకున్నారు. చర్చ చల్లారింది. పన్ను నిజంగా ఎవరి మీద పడిందో ఆ మనిషి ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఆ మనిషి ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. బైపాస్ రోడ్డు పక్కన అద్దె స్థలంలో నాలుగు కార్లు, రేకుల షెడ్డు, అద్దం మీద సుద్దతో రాసిన మోడల్ సంవత్సరం, ఒక ఫోన్ నంబరు. అతడు మెకానిక్‌గానో, డ్రైవర్‌గానో, ఫైనాన్స్ కంపెనీ వసూళ్ల గుమాస్తాగానో జీవితం మొదలుపెట్టి, చిట్టీ పాడిన డబ్బుతో మొదటి బండి కొన్నవాడై ఉంటాడు. ఈ వృత్తిలోకి రావడానికి డిగ్రీ అక్కరలేదు, సిఫారసు అక్కరలేదు. చేతిలో కాస్త సొమ్ము, ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పగల చెవి, నలుగురిలో మాట పరపతి ఉంటే చాలునన్నది చిరకాలపు నమ్మకం. ఆ నమ్మకం ఇప్పటికీ నిజమేనా అన్నదే ప్రశ్న. జవాబు కోసం డెబ్బై ఏళ్ల ప్రభుత్వ విధానాల చరిత్రను తిరగేయవలసి ఉంటుంది. ఎందుకంటే ఈ చిరువ్యాపారికి బతుకుతెరువు చూపిందీ, దాన్ని క్రమంగా ఇరుకు చేసిందీ ఆ విధానాలే.

కొరతే పెట్టుబడి

స్వాతంత్ర్యం నాటికి ఈ దేశంలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ వంటి సంస్థలు విదేశాల నుంచి విడిభాగాలు తెచ్చి కార్లు బిగించి అమ్మేవి. 1953లో టారిఫ్ కమిషన్ నివేదిక తర్వాత, విడిభాగాలను అంచెలంచెలుగా దేశంలోనే తయారు చేసే సంస్థలకే చోటు అన్న విధానం వచ్చింది. విదేశీ సంస్థలు తప్పుకున్నాయి. కలకత్తా చేరువలోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్స్ మిగిలాయి. అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్: మధ్యతరగతి కలల జాబితా దాదాపు అక్కడితో సరి.

ఎన్ని కార్లు తయారు చేయాలో లైసెన్సు చెప్పేది. ఎవరికి ఎలా అమ్మాలో 1959 నాటి పంపిణీ, విక్రయ నియంత్రణ ఉత్తర్వు చెప్పేది. ఎంతకు అమ్మాలన్న వివాదం ముదిరి సుప్రీంకోర్టు గడప తొక్కితే, 1971లో న్యాయమూర్తులే కారు ధర లెక్కలు తేల్చవలసి వచ్చింది. డిపాజిట్ కట్టి ఏళ్ల తరబడి క్యూలో నిలబడటం కారు కొనుగోలులో భాగమైపోయింది. ముఖ్యంగా ఫియట్ కోసం నిరీక్షణకు అంతుండేది కాదు.

కొత్త కారు ధరకు గిరి గీసిన ప్రభుత్వం పాత కారు ధరను బజారుకు వదిలేసింది. దాంతో ఒక వింత పుట్టింది. కొద్దిగా వాడిన కారు కొత్త కారు ధరను మించి పలికేది. డబ్బున్నా ఆగలేనివాడికీ, కోటాలో కారు దక్కి డబ్బు అవసరమైనవాడికీ మధ్య నిలబడిన వ్యక్తే నేటి పాత కార్ల వ్యాపారికి పూర్వీకుడు. అతడి అసలు సరుకు కారు కాదు, సమాచారం. ఎవరి పేరు క్యూలో ముందుకు వచ్చింది, ఏ అధికారి బదిలీ మీద వెళుతున్నాడు, ఏ ఇంట్లో పెళ్లి ఉంది అన్న కబుర్లే అతడి పెట్టుబడి. దేశవిభజన తర్వాత పశ్చిమ పంజాబు శరణార్థులు స్థిరపడిన ఢిల్లీ కరోల్‌బాగ్ ఉత్తరాదిలో పాత కార్ల బజారుగా పేరు తెచ్చుకుంది. వెంట తెచ్చుకున్న ఆస్తి లేనిచోట మాట, మనుషుల పరిచయం ఆస్తులయ్యాయి.

ఇదే కాలంలో ప్రభుత్వం తానే పాత కార్ల వ్యాపారం చేయడం మరో విశేషం. దౌత్యవేత్తలు, విదేశీయులు వాడి వదిలిన దిగుమతి కార్ల విక్రయం స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ చేతుల మీదుగా సాగేది. సినిమా తారలు, వ్యాపార కుటుంబాలు మోజుపడిన విదేశీ బండ్లు అనేకం ఆ దారినే వచ్చాయి. బేరగాడిని నల్లబజారు మనిషిగా చూసిన అధికార యంత్రాంగమే వేలం పాటల్లో అదే సరుకును అధిక ధరకు అమ్ముకుంది.

నమ్మకానికి సిద్ధాంతం

పాత కారు కొనేవాడి భయానికి అర్థశాస్త్రంలో పీట వేసింది జార్జ్ అకెర్లాఫ్. 1970లో ఆయన ప్రచురించిన ‘ద మార్కెట్ ఫర్ లెమన్స్’ వ్యాసాన్ని అంతకుముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకోవడానికి పునాది ఆ వ్యాసమే. దాని సారం సులువైనది. కారు లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కనుక కొనేవాడు ప్రతి కారునూ అనుమానించి ధర తగ్గిస్తాడు. ఆ ధరకు మంచి కారు ఉన్నవాడు అమ్మడానికి ముందుకు రాడు. క్రమంగా బజారులో నాసిరకమే మిగులుతుంది.

ఆ వ్యాసానికి భారతదేశంతో సంబంధం ఉంది. 1967-68లో అకెర్లాఫ్ ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఏడాది పాటు పనిచేశారు. ఇక్కడి అప్పుల బజారును కూడా ఆయన తన వాదనకు ఉదాహరణగా తీసుకున్నారు. ఊరి వడ్డీ వ్యాపారికి అప్పు తీసుకునేవాడి గుణగణాలు తెలుసు కాబట్టి అతడు నిలదొక్కుకుంటాడు. ఆ ఎరుక లేకుండా వడ్డీ తేడా చూసి దిగిన బయటివాడి దగ్గరకు ఎగవేసేవాళ్లే చేరతారు. పాత కార్ల చిరువ్యాపారి నిలబడిందీ ఈ సూత్రం మీదే. అతడికి కారు చరిత్ర తెలుసు, దాన్ని నడిపిన మనిషి తెలుసు. మోసం చేస్తే అదే వీధిలో ముఖం చూపించలేడు. మీటరు వెనక్కి తిప్పినవాళ్లు, ప్రమాదంలో నుజ్జయిన బండికి రంగు పూసి అంటగట్టినవాళ్లు ఈ వృత్తిలో తక్కువేమీ కాదు. అయినా ఏళ్ల తరబడి ఒకే చోట నిలిచినవాడు నిలిచింది పేరు మీదే. వారంటీ అనే కాగితం లేని కాలంలో ఆ పేరే వారంటీ.

తలుపులు తెరుచుకున్నాక

ఇందిరాగాంధీ ప్రభుత్వం 1970లో సంజయ్‌గాంధీకి చిన్న కారు తయారీకి అనుమతి ఇవ్వడం పెద్ద రాజకీయ వివాదం. ఆ సంస్థ కార్లు రోడ్డెక్కించకుండానే మూతపడింది. ప్రభుత్వ రంగంలో 1981లో ఏర్పడిన మారుతి ఉద్యోగ్ జపాన్ సుజుకీతో జతకట్టి 1983 డిసెంబరులో తొలి మారుతి 800 తాళాలను ఇందిర చేతుల మీదుగా అందించింది. మొదట్లో మారుతికీ క్యూ తప్పలేదు, క్యూతో పాటు చీటీల మీద అదనపు సొమ్మూ తప్పలేదు. 1991 ఆర్థిక సంస్కరణల తర్వాత 1993లో కార్ల తయారీకి లైసెన్సు అవసరం తొలగింది. విదేశీ సంస్థలు ఒకటొకటిగా తిరిగి వచ్చాయి.

కొరత పోతే కొరత మీద బతికిన వ్యాపారి కూడా పోవాలి. కానీ అతడు పోలేదు, వృత్తి స్వభావమే మారిపోయింది. కొత్త కార్లు సులభంగా దొరకడంతో నాలుగైదేళ్లకే కారు మార్చే వర్గం పుట్టింది. వారు వదిలిన కార్లకు స్కూటరు నుంచి కారుకు ఎదగాలనుకునే మరో వర్గం ఎదురుచూసింది. అంతకుముందు పాత కారు కొత్త కారు కన్నా ప్రియం. ఇప్పుడది పేదవాడి కొత్త కారు. టీచరు, చిన్న కాంట్రాక్టరు, కొడుకుకు ట్యాక్సీ నడిపే ఉపాధి చూపాలనుకున్న రైతు కొత్త ఖాతాదారులయ్యారు. మెకానిక్ షెడ్డులో ఓనర్ వదిలేసిన బండిని బాగుచేసి అమ్మి మొదటి లాభం చూసినవాళ్లు వేలల్లో ఈ వృత్తిలోకి వచ్చింది ఈ దశలోనే. సమాచారం స్థానంలో చేతిపని పెట్టుబడి అయింది.

బ్యాంకులు మాత్రం ఆ పనితనాన్ని చాలాకాలం గుర్తించలేదు. పాత వాహనానికి అప్పివ్వడమంటే వాటికి బెరుకు. ఆ ఖాళీని దక్షిణాదిలో ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు, చిట్‌ఫండ్లు పూడ్చాయి. 1979లో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ పాత లారీలకు అప్పులిచ్చే పనితోనే మహాసంస్థగా ఎదిగింది. అంటే ఈ బజారులో మనిషిని చూసి అప్పివ్వడం నష్టదాయకం కాదని రుజువైంది.

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు

ఇన్ని దశాబ్దాలూ చట్టం ఏం చేసింది? 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ దృష్టిలో పాత కారు అమ్మకమంటే ఇద్దరే మనుషులు: ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు. ఇచ్చేవాడు 14 రోజుల్లో, పుచ్చుకునేవాడు 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేయాలి. మధ్యలో నిలబడి కొని, బాగుచేసి, మళ్లీ అమ్మే మూడో మనిషికి ఆ సెక్షన్‌లో తావు లేదు.

వ్యాపారి తన పేరిట బదలాయించుకుంటే రుసుము, తిరుగుడు, ఆలస్యం. అంతకన్నా ముఖ్యం, ఆర్‌సీలో యజమానుల సంఖ్య ఒకటి పెరుగుతుంది, కారు ధర పడిపోతుంది. అందుకే 29, 30 నంబరు ఫారాల మీద అమ్మినవాడి చేత సంతకాలు చేయించుకుని, తేదీ, పేరు ఖాళీగా ఉంచి, చివరి కొనుగోలుదారు దొరికేదాకా వాటిని బీరువాలో దాచడం వృత్తి ఆనవాయితీ అయింది. చట్టంలో చోటు లేనివాడు చట్టం సందుల్లో బతకడం నేర్చుకున్నాడు.

దాని మూల్యం ఇతరులు చెల్లించారు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇందుకు సాక్ష్యం. 2007లో ఒకాయన కారు అమ్మేశాడు. అది చేతులు మారుతూ వెళ్లింది. 2009లో ప్రమాదం జరిగే నాటికి కూడా రిజిస్ట్రేషన్ మొదటి యజమాని పేరు మీదే ఉంది. రికార్డులో ఎవరి పేరుందో అతడే యజమాని, పరిహారం బాధ్యత అతడిదే అని న్యాయస్థానం తేల్చింది. బాధితులు వరుసగా చేతులు మారిన వ్యక్తులందరి వెంటా తిరగాలనడం న్యాయం కాదన్న ఆ తర్కం సబబైనదే. 2025 నవంబరు 10న ఢిల్లీ ఎర్రకోట సమీపంలో పేలిన కారు కూడా పలు చేతులు మారిందన్న వార్తలు వచ్చాక, ఈ కాగితాల అలక్ష్యం రవాణా శాఖ గుమాస్తాల సమస్య మాత్రమే కాదని దేశానికి తెలిసివచ్చింది.

మరోవైపు, రాష్ట్రాల సరిహద్దులు కూడా ఈ వ్యాపారి లెక్కల్లోకి వస్తాయి. 2014 జూన్ 2 తర్వాత హైదరాబాద్‌లో రిజిస్టరైన కారును విజయవాడ వ్యాపారి కొనాలంటే ఎన్‌ఓసీ కావాలి, అక్కడి పన్ను లెక్క వేరు. నిన్నటిదాకా ఒకే బజారుగా ఉన్నది రెండయింది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను నిషేధించినప్పుడు, 2018లో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమన్నప్పుడు, అక్కడి షెడ్లలో ఉన్న సరుకు విలువ ఒక్కసారిగా కుంగింది. గాలి శుభ్రపడాలనడంలో తప్పులేదు. కానీ ఆ నష్టాన్ని ఎవరు ఎంత భరించాలన్న చర్చలో ఈ వ్యాపారికి కుర్చీ వేసినవారు లేరు.

పొరుగు దేశాల తీరు

దక్షిణాసియాలో ఈ వృత్తికి మరో రూపం కూడా ఉంది. బంగ్లాదేశ్, శ్రీలంక, పాకిస్తాన్‌లలో పాత కారంటే చాలావరకు జపాన్‌లో వాడి ఓడలో వచ్చినది. అక్కడి వ్యాపారి తలరాత విదేశీ మారక నిల్వల మీద ఆధారపడుతుంది. శ్రీలంక 2020 మార్చిలో వాహనాల దిగుమతి ఆపి, ప్రైవేటు కార్లకు 2025 ఫిబ్రవరి దాకా తలుపులు తెరవలేదు. ఆ ఐదేళ్లలో అక్కడ పాత కార్ల ధరలు ఆకాశాన్నంటాయి. భారత్ పాత కార్ల దిగుమతికి కఠిన షరతులు, భారీ సుంకాలు పెట్టి ఆ దారిని దాదాపు మూసింది. దేశీయ పరిశ్రమను కాపాడిన ఆ గోడ ఇక్కడి చిరువ్యాపారినీ కాపాడింది. ఓడల్లో సరుకు తెప్పించగల పెద్ద పెట్టుబడిదారుతో అతడు పోటీ పడవలసిన అవసరం రాలేదు. ఆ పోటీ లోపలి నుంచే వచ్చింది.

పెద్ద పెట్టుబడి రాక

మారుతి 2001లో ట్రూ వాల్యూ పేరిట పాత కార్ల దుకాణాలు తెరిచింది. కార్స్24, స్పిన్నీ రెండూ 2015లో పుట్టాయి. ఇంటికి వచ్చి కారు పరీక్షించడం, అప్పటికప్పుడు ధర చెప్పడం, బదలాయింపు బాధ్యత తామే తీసుకోవడం వీటి ఆకర్షణలు. అకెర్లాఫ్ చెప్పిన జబ్బుకు ఇవి మందు అమ్ముతున్నాయి. వీధిలోని పేరు చేసిన పనిని ఇప్పుడు తనిఖీ నివేదిక చేస్తోంది.

కార్స్24 తొలినాళ్లలో యజమానుల దగ్గర కొన్న కార్లను చిరువ్యాపారులకే వేలం వేసింది. అంటే కారు కోసం యజమాని గుమ్మం ఎక్కిన వ్యాపారి ఫోన్ తెర మీద సాటి వ్యాపారులతో పోటీపడి ధర పెంచే స్థితికి వచ్చాడు. యజమానితో అతడికున్న ప్రత్యక్ష సంబంధం తెగింది. అయితే పెద్ద పెట్టుబడికి కూడా ఈ బజారు సులభంగా లొంగలేదు. 2021లో ఆర్భాటంగా మొదలైన ఓలా కార్స్ మరుసటి ఏడాదే మూతపడింది. పాత కారును దూరం నుంచి అంచనా వేయడం ఎంత కష్టమో దాని అనుభవం చెబుతుంది.

ఇదే సమయంలో నగదు మీద నియంత్రణలు బిగిశాయి. 2016 నవంబరులో పెద్దనోట్ల రద్దు, 2017 ఏప్రిల్ నుంచి 2 లక్షలు, ఆపైన నగదు స్వీకరణపై నిషేధం, అదే జూలైలో జీఎస్టీ. నల్లధనం ఈ వృత్తిలో లేదనడం అబద్ధం. అయితే నగదు ఆగినప్పుడు కంపెనీకి బ్యాంకు ఉంది, చిరువ్యాపారికి చేబదులు తప్ప దిక్కులేదు.

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి బోధపడుతుంది. కొత్తగా ఈ పనిలో దిగినవాడు 3 లక్షలకు కారు కొని, టైర్లు, టింకరింగ్, రంగు, ఏసీలకు 20 వేలు ఖర్చుపెట్టి, మూడున్నర లక్షలకు అమ్మాడనుకుందాం. పన్ను నిబంధన దృష్టిలో మిగులు 50 వేలు. మరమ్మతు ఖర్చును అందులోంచి తీసేయడానికి వీల్లేదు. 18 శాతం లెక్కన పన్ను 9 వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 3 లక్షల మీద, బండి రెండు నెలలు అమ్ముడుపోకుంటే, వడ్డీ 12 వేలు. చేతికి మిగిలేది 9 వేలు. షెడ్డు అద్దె, కుర్రాడి జీతం అందులోంచే. మూడో నెల కూడా గడిస్తే మిగులు 3 వేలకు దిగుతుంది.

జైసల్మేర్ నిర్ణయంలోని మెలిక ఇక్కడ స్పష్టమవుతుంది. 2018 జనవరి నుంచి పాత పెద్ద కార్లకు 18 శాతం, చిన్న కార్లకు 12 శాతం పన్ను ఉండేది. ‘ఏకరీతి’ పేరిట పెరిగింది చిన్న కార్ల మీద, పాత విద్యుత్ కార్ల మీద. పెద్ద కార్లు అమ్మేవాడికి ఏ మార్పూ లేదు. ఆ తర్వాత 2025 సెప్టెంబరు 22న కొత్త చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. కొనేవాడికి అది శుభవార్త. కొత్త కారు ధర తగ్గితే పాత కారు ధర కూడా దిగక తప్పదు. పాత లెక్కన కొని షెడ్డులో నిలిపిన బండ్ల మీద ఆ తరుగుదల ఒక్కరోజులో వ్యాపారి నెత్తిన పడింది.

గుర్తింపు దక్కింది, మరి చోటు?

2022 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ నిబంధనలు సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి పాత వాహనాల వ్యాపారికి తొలిసారి అధికారిక రూపం ఇచ్చింది. రవాణా అధికారి వద్ద నమోదై అయిదేళ్ల అనుమతి పొందిన వ్యాపారికి యజమాని కారు అప్పగించి, ఆ సంగతి పోర్టల్‌లో తెలియజేస్తే అప్పటినుంచి ఆ బండి బాధ్యత వ్యాపారిదే. ఆర్‌సీ పునరుద్ధరణకు, ఎన్‌ఓసీకి, బదలాయింపునకు అతడే దరఖాస్తు చేయవచ్చు. బండిని ఎందుకు ఎక్కడికి నడిపాడో నమోదు చేయాలి. ఖాళీ ఫారాల బీరువాకు ఇది సరైన విరుగుడు. మూడో మనిషి ఉన్నాడని చట్టం ఒప్పుకోవడానికి ఇంతకాలం పట్టింది.

కానీ గుర్తింపు ఒక్కటే పోటీని సమం చేయదు. ఈ నిబంధనలు పాటించడానికి కంపెనీకి ఒక విభాగం ఉంటుంది. నాలుగు కార్ల వ్యాపారికి ఉన్నది తానొక్కడే. ముద్రా పథకం కింద 10 లక్షల అప్పు పుట్టినా అది మూడు నాలుగు చిన్న కార్లకు సరిపోతుంది. ఆ అప్పు దొరకడానికి చూపవలసిన లెక్కల పుస్తకం అతడికి ఈ మధ్యే మొదలైంది. అనుమతి తీసుకోవడం భారమైతే అతడు తీసుకోడు, ఖాళీ సంతకాల దారికే తిరిగి వెళతాడు. అప్పుడు నష్టపోయేది మళ్లీ కారు అమ్మిన అమాయకుడు, ప్రమాదంలో గాయపడిన బాటసారి.

చేయదగిన పనులు ఉన్నాయి. బిల్లు చూపిన మరమ్మతు ఖర్చును మిగులు నుంచి తీసివేయనిస్తే పన్ను నిజమైన లాభం మీద పడుతుంది, రోడ్డుపక్క మెకానిక్ కూడా బిల్లు రాయడం అలవాటు చేసుకుంటాడు. అనుమతి రుసుమును వ్యాపార పరిమాణాన్ని బట్టి నిర్ణయించవచ్చు. వాహన్ పోర్టల్‌లో ఇప్పటికే యజమాని, అప్పు వివరాలు ఉన్నాయి. ప్రతి ఫిట్‌నెస్, కాలుష్య పరీక్షలో మీటరు అంకెనూ, బీమా సంస్థల దగ్గరున్న ప్రమాద చరిత్రనూ అందులో చేర్చి అందరికీ తెరిస్తే, కంపెనీ అమ్ముతున్న నమ్మకంలో సగం ఉచితంగా దొరుకుతుంది. అప్పుడు చిన్నవాడు పేరుతోనూ పనితనంతోనూ పోటీ పడగలడు.

కొత్త కార్ల అమ్మకాలు 2023-24లో 42 లక్షలు దాటాయి. చేతులు మారే పాత కార్లు అంతకన్నా ఎక్కువేనని పరిశ్రమ అంచనాలు చెబుతున్నాయి. కొత్త కార్ల తయారీదారులకు మంత్రుల అపాయింట్‌మెంట్లు, పరిశ్రమ సంఘాలు, బడ్జెట్ ముందు సంప్రదింపులు ఉన్నాయి. అంతకన్నా పెద్దదైన ఈ రెండో బజారులో బైపాస్ రోడ్డు వ్యాపారి తరఫున మాట్లాడేవాడు లేడు. జీఎస్టీ మండలి తదుపరి సమావేశానికి వెళ్లే రాష్ట్రాల ఆర్థిక మంత్రులకు వారి నియోజకవర్గాల్లోనే ఇలాంటి షెడ్లు కనబడతాయి. రేటు నిర్ణయించే ముందు వాటిలో ఒక్క షెడ్డు లెక్కల పుస్తకం తెరిచి చూసినా చాలు.